జాగ్రత్త: "పొడుగు పెరిగితే లావెక్కుతాది" అని అంటగట్టే జుట్టు కిట్లు

తిరుపతి, చిత్తూరు వైపు జుట్టు కిట్ కొనబోయేవాళ్లు ముందు ఇది చదవండి. అమ్మేవాళ్ల మాట దాదాపు ఒకేలా ఉంటుంది: "అక్కా, నీది సన్న జుట్టు. పొడుగు పెరిగేకొద్దీ వెంట్రుక తనంతట తనే లావెక్కుతాది. ఆరు నెల్లు ఈ నూనె వదలకుండా పెట్టు." ఒక నూనె సీసా, ఒక ప్యాక్ పొడి, ఒక డబ్బా బయోటిన్ (ఒక బి విటమిన్) మాత్రలు చేతిలో పెట్టి డబ్బంతా ముందే కట్టించుకుంటారు. ఫలితం లేదని అడిగితే "మధ్యలో ఆపుంటావు", "షాంపూ మార్చుంటావు" అంటూ తప్పు కొన్నవాళ్ల మీదికే నెడతారు.

అసలు ఆ మాటే అబద్ధం. వెంట్రుక ఎంత లావుండాలో చర్మం లోపల, కుదురు దగ్గరే తేలిపోతుంది. బయటికి వచ్చిన వెంట్రుకలో ప్రాణం లేదు. దాన్ని పొడుగు పెంచొచ్చు, కత్తిరించొచ్చు, రంగు వేయొచ్చు, లావు మాత్రం చేయలేం. సన్న వెంట్రుక మందం సుమారు 50 నుంచి 60 మైక్రాన్లు, లావుపాటిది 80 దాటుతుంది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు.

పొడుగుతో జరిగేది నిజానికి తలకిందులు. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. అంటే 60 సెంటీమీటర్ల జడ కొస ఐదేళ్ల నాటిది. అన్నేళ్ల ఎండ, దువ్వెన, రబ్బరు బ్యాండు, బోరు నీళ్లు దాని పై పొరను అరగదీస్తాయి, కొస రెండుగా చీలుతుంది. పైగా ఒక్కో వెంట్రుక పెరిగే కాలం రెండు నుంచి ఆరేళ్లు. ఆ గడువు ముగిశాక అది రాలిపోతుంది కాబట్టి అన్నీ నడుము దాకా రావు. జడ మొదట్లో ఉన్న లావు కొసకు లేకపోవడానికి కారణం ఇదే.

మరి జనం ఎందుకు నమ్ముతారు? మన ఊళ్లో దీనికి కారణం గుండు కొట్టించుకోవడమే. కళ్యాణకట్టలో తలనీలాలిచ్చి కొండ దిగినవాళ్లకు రెండు వారాల్లో వచ్చే జుట్టు చేతికి గరుగ్గా, ఒత్తుగా తగులుతుంది. వెంట్రుక కొస సహజంగా సన్నగా ఉంటుంది. కత్తి దాన్ని కోసేయడంతో వరి మోడులా మొండిగా మిగులుతుంది, అంతే. లోపలి కుదురుకు కత్తి తగలనే లేదు. పసిపిల్లల సంగతి వేరు: వాళ్ల మెత్తటి జుట్టు వయసుతో పాటు ఎలాగూ లావెక్కుతుంది, ఆ పేరు పుట్టువెంట్రుకలు తీయించిన గుండుకు దక్కుతుంది. గుండు మొక్కు మొక్కే, అందులో తప్పేం లేదు. "గుండు తర్వాత మా నూనె రాస్తేనే ఒత్తుగా వస్తాది" అని సీసా చూపించేవాళ్ల దగ్గరే ఆగాలి.

ఆరు నెలల గడువులోనూ కిటుకుంది. కాన్పు తర్వాత, గట్టి జ్వరం తర్వాత రెండు మూడు నెలలకు జుట్టు కుచ్చులుగా రాలుతుంది. భయపడి కిట్ కొనేది సరిగ్గా అప్పుడే. ఈ రాలడం చాలామందిలో ఆరు నెలల నుంచి ఏడాది లోపు దానంతట అదే తగ్గి, కొత్త జుట్టు వస్తుంది. నూనె రాసినా రాయకపోయినా వచ్చేదే, పేరు మాత్రం సీసాకు.

షాపులో తలకు ఆనించే కెమెరాను నమ్మొద్దు. జూమ్ కాస్త మారితే చాలు, అదే వెంట్రుక తాడంత కనిపిస్తుంది. ఫొటోలూ అంతే. "ముందు" ఫొటోలో నూనె జిడ్డు, నడిమి పాపిడి. "తర్వాత" ఫొటోలో తలంటి డ్రయ్యర్‌తో ఆరబెట్టిన జుట్టు, పక్క పాపిడి. ఆ రెండు మార్పులే సగం ఒత్తు తెచ్చిపెడతాయి.

కొలవాలంటే ఇంట్లోనే కొలవండి. తలంటి పూర్తిగా ఆరిన జుట్టును వెనక్కి పోనీ కట్టండి. రబ్బరు బ్యాండుకు ఒక సెంటీమీటరు కింద దారం ఒక్క చుట్టు బిగించి, ఆ దారాన్ని స్కేలు మీద పెట్టండి. నెలకోసారి, అదే చోట, అదే షాంపూ తర్వాత. తడి జుట్టుతోనో నూనె తలతోనో కొలిస్తే లెక్క తప్పుతుంది. గుండు చేయించుకున్నవాళ్లకు ఆరు నెలలకు వచ్చేది ఆరేడు సెంటీమీటర్లే, అప్పుడు జడ లావు తేల్చడం కుదరని పని.

సీసా మీద తయారీ లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, గడువు తేదీ, తయారీదారు చిరునామా, దినుసుల పట్టిక ఉండాలి. ఒక స్టిక్కరు, ఒక ఫోన్ నంబరు మాత్రమే ఉంటే తీసుకోవద్దు. "స్వచ్ఛమైన కొబ్బరి నూనె" అంటే రెండు చెంచాలు ఫ్రిజ్‌లో పెట్టండి. కొబ్బరి నూనె గడ్డకడుతుంది, లిక్విడ్ పారాఫిన్ (పెట్రోలియం నుంచి తీసే నూనె) గడ్డకట్టదు. కొబ్బరి నూనె వెంట్రుకలోకి కొంత ఇంకి తెగడం తగ్గిస్తుంది కాబట్టి పనికొస్తుంది. పారాఫిన్ పైన మెరుపు పూస్తుంది. లావు చేసేది రెండూ కాదు.

బయోటిన్ లోపం చాలా అరుదు. ఎక్కువ మోతాదు మాత్రలు వేసుకుంటుంటే థైరాయిడ్ రక్తపరీక్ష ఫలితం తప్పుగా రావచ్చు. పరీక్షకు ముందే డాక్టరుకు చెప్పండి, లేకపోతే లేని జబ్బుకు మందు పడొచ్చు.

పాపిడి వెడల్పవుతున్నా, నడినెత్తిన చర్మం కనిపిస్తున్నా కిట్ జోలికి పోకుండా చర్మ డాక్టరును కలవండి. తిరుపతి రుయా ప్రభుత్వ ఆసుపత్రిలో చర్మవ్యాధుల ఓపీ ఉంది. హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ), టీఎస్‌హెచ్ (థైరాయిడ్) రక్తపరీక్షలు చేయించుకోవడానికి కిట్ అంత ఖర్చవదు. వంశపారంపర్యంగా పలచబడే జుట్టుకు మినాక్సిడిల్ అనే తలకు రాసే మందు పనిచేస్తుంది: సన్నబడిన కుదుళ్ల నుంచి కాస్త లావు వెంట్రుక వస్తుంది. అయితే ఫలితానికి నెలలు పడుతుంది, ఆపితే వచ్చింది పోతుంది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు సొంతంగా వాడకూడదు.

ఇప్పటికే డబ్బు కట్టినవాళ్లు సీసా, డబ్బా, యూపీఐ రసీదు, వాట్సాప్ మాటలు దాచుకోండి. జీఎస్‌టీ నంబరున్న బిల్లు రాతపూర్వకంగా అడగండి. ఇవ్వకపోతే ఆ సంగతి కూడా కలిపి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయండి. తలకు మంట, దురద, పొక్కులు వచ్చుంటే ఫొటో తీసి, మిగిలిన నూనెను పారబోయకుండా డాక్టరుకు చూపించండి.