పాత టీ కప్పు: కొవ్వొత్తి పోయాలా, మొక్క పెట్టాలా, కప్పుగానే ఇవ్వాలా?

జత తప్పిన కప్పులు, మూత పోయిన టీపాట్‌లు, ఆరింటిలో నాలుగే మిగిలిన సాసర్లు. పాత పింగాణీని గిఫ్టులుగా మార్చి అమ్మేవాళ్ల బల్ల మీద ఎక్కువగా కనిపించేవి ఇవే. వీటితో ఏం చేస్తే మేలు?

సులువైంది కొవ్వొత్తి. సోయా మైనం కరిగించి పోసి, వత్తి నిలబెడితే సరి. చిక్కంతా ఆ వత్తి దగ్గరే ఉంది. టీ కప్పు పైన వెడల్పు, కింద ఇరుకు. పై కొలత చూసి లావు వత్తి పెడితే, మైనం సగానికి దిగాక మంట గోడలకు దగ్గరపడి కప్పు మరీ వేడెక్కిపోతుంది. నడుమ కొలత తీసుకోండి, అంచుల్లో కాస్త మైనం మిగిలినా పర్లేదు. పోసే ముందు చెంచాతో అంచు మీద మెల్లగా కొట్టి వినండి. ఖంగుమంటే మంచిదే. బొంగురుగా పలికితే ఎక్కడో పగులుంది, దాన్ని పక్కన పెట్టేయండి. పల్చటి గాజు గ్లాసుల్లో మైనం పోయడానికి మాత్రం నాకు ధైర్యం చాలదు.

మొక్క ఫొటోలో ముచ్చటగా ఉంటుంది. కానీ నీరు దిగే దారి లేకపోతే వేళ్లు కుళ్లిపోతాయి. రంధ్రం వేయాలంటే డ్రిల్‌కు డైమండ్ బిట్ (వజ్రపు పొడి అద్దిన మొన) కావాలి, హ్యామర్ మోడ్ (సుత్తిలా కొట్టే పద్ధతి) ఆపేసి, నీళ్లు తగిలిస్తూ, నెమ్మదిగా తిప్పాలి. అంతా బాగా కుదిరినా, రంధ్రం పడ్డాక అది ఇక కప్పు కాదు. పళ్లేల నడుమ తొలిచి అంతస్తుల కేక్ స్టాండ్ చేయడమూ అంతే. అంచు విరిగిన వాటికైతే సరే, బాగున్న వాటిని తొలచాలంటే నాకు మనసొప్పదు.

మరి కప్పుగానే, ఓ టీ పొడి పొట్లంతో ఇస్తే? అందంలో దీనికి సాటి లేదు, కానీ టెన్షన్ కూడా ఇక్కడే. పాత రంగుల్లో, గ్లేజులో (పైన మెరిసే పూతలో) సీసం ఉండొచ్చు, పులుపు తగిలితే అది తాగేదాంట్లోకి ఊరుతుంది. అమెరికాలో 1936లో వచ్చిన ఫియస్టా పాత్రల ఎరుపుకైతే యురేనియం ఆక్సైడే వాడారు! ఏ కప్పులో ఏముందో చూసి పోల్చుకోలేం. పరీక్ష చేయించని కప్పును తాగడానికని నేనైతే ఇవ్వను. అందుకే నా ఓటు కొవ్వొత్తికే. మైనం అయిపోయాక వేడి నీళ్లలో నానబెడితే కప్పు మళ్లీ చేతికొస్తుంది, చెవిపోగులు వేసుకోవచ్చు. ఆ నీళ్లు మాత్రం సింక్‌లో పోయకండి, పైపు పూడుకుపోతుంది.

ఇక వీటిని అమ్మే షాపు. అరల నిండా పేర్చడమా, కొన్నే పెట్టడమా అంటే, కొన్నే. కిక్కిరిసిన అరలోంచి కప్పు తీయాలంటే ఎవరికైనా చెయ్యి వణుకుతుంది. పక్కపక్క కప్పుల మధ్య చెయ్యి పట్టేంత ఖాళీ ఉండాలి. గాజు అర మీద ఫెల్ట్ గుడ్డ పరిస్తే టకటక చప్పుడు పోతుంది. పాటలు పెడితే నెమ్మదైనవే పెట్టండి. 1982లో అచ్చయిన ఓ అధ్యయనంలో మార్కెటింగ్ పరిశోధకుడు రొనాల్డ్ మిల్లిమన్ ఓ సూపర్‌మార్కెట్‌లో గమనిస్తే, వేగమైన సంగీతం కంటే నెమ్మదైన సంగీతం ఉన్న రోజుల్లో అమ్మకాలు దాదాపు 38 శాతం ఎక్కువగా ఉన్నాయి. సూపర్‌మార్కెట్ లెక్క కప్పుల కొట్టుకు అచ్చంగా సరిపోదనుకోండి.

లైటు 2700 కెల్విన్ దగ్గర, పసుపు ఛాయలో, అర వెనక నుంచి రావాలి. బోన్ చైనా (ఎముకల బూడిద కలిపి చేసే పల్చటి పింగాణీ) కప్పును దానికెదురుగా పట్టుకుంటే, అవతలున్న వేళ్ల నీడ కప్పు గోడలోంచి కనిపిస్తుంది. అది చూశాక చాలామంది దాన్ని మళ్లీ అరలో పెట్టరు.