మూడేళ్ళు పెంచాక రెక్కబంతి గురించి నా మాట

బంతి గురించి కొత్తగా చెప్పేదేముందండి, ఎండ కావాలి, నీళ్ళు నిలవకూడదు, తల తుంచితే గుబురొస్తుంది, ఇవన్నీ అందరికీ తెలిసినవే. నేను చెప్పేదల్లా గాలీ వానా కలిసి కొట్టాక పెరట్లో ఏది మిగిలిందన్నదే. మాది అమలాపురం పక్క పల్లె. దసరా నుంచి సంక్రాంతి దాకా ఇంట్లో పూలకి లోటు ఉండకూడదు, సరిగ్గా ఆ రోజుల్లోనే బంగాళాఖాతంలో ఏదో ఒక వాయుగుండం తిరుగుతూ ఉంటుంది, ఇంక మన పెంపకం ఎలా ఉంటుందో చూసుకోండి.

2023లో రావులపాలెం బ్రిడ్జి దాటి కడియం వెళ్ళి, కలకత్తా బంతి అని ఇచ్చిన కవరు మొక్కలు ముప్పై తెచ్చా. ముద్దబంతి. ఆ పువ్వు సైజు చూసి మతిపోయింది నాకు. డిసెంబర్ మొదట్లో మిచాంగ్ తుఫాను వచ్చింది, అది బాపట్ల దగ్గర తీరం దాటింది కాబట్టి మాకు గాలి కన్నా ముసురు ఎక్కువ. రెండు రోజులకి ఒక్క తల నిలబడలేదు. ఒక పువ్వు కోసి గుప్పిట్లో పిండితే నీళ్ళు మోచేతి దాకా కారాయి, అంత నీరు తాగుతుంది ఆ ముద్ద. పైగా పువ్వు కింద మెడ లావుగా ఉబ్బి ఉంటుంది కదా, బలం అనుకుంటాం, విరిచి చూస్తే లోపల డొల్ల. అక్కడికే వంగిపోయింది. ముద్ద లోపల రేకులేమో ముందే గోధుమరంగు తిరిగిపోయాయి, పైకి మాత్రం బానే కనిపించాయి.

సరే, 2024లో మా ఊరి మీదకి పెద్ద గాలి రాలేదు. ఆ ఏడు అవే మొక్కలు మళ్ళీ తెచ్చి వేస్తే ఎంత పూశాయంటే, కనపడ్డ ప్రతివాళ్ళకీ ముద్దబంతి తప్ప ఇంకోటి వెయ్యకండి అని చెప్పా, మా ఆడపడుచుకైతే పట్టుబట్టి పది మొక్కలు పంపించా. ఆ మాట ఇప్పుడు కొంచెం సవరించుకుంటున్నా.

రెక్కబంతి అసలు నేను వేసింది కాదు. సంక్రాంతి దండల్లో ఎండిన పూలు మా అత్తగారు పాత గుడ్డలో మూటకట్టి అటక మీద దాస్తారు, శ్రావణం వెళ్ళగానే గోడవారన చల్లేస్తారు. ఒంటి రెక్క, చిన్న పువ్వు, ఇటికరంగు మీద పసుపు అంచు. మూడేళ్ళూ దానికి నేను నీళ్ళు పోశానేమో గానీ లెక్కలోకి తీసుకున్నది లేదు.

2025 అక్టోబర్లో మొంథా తుఫాను. 28 రాత్రి నరసాపురం దగ్గర తీరం దాటింది, అంటే మాకు పక్కనే అన్నట్టు. ఈసారి ముద్దబంతిని వదలకూడదని రెండు రోజుల ముందే సరుగుడు పుల్లలు తెచ్చి, ఒక్కో మొక్కకి ఒక్కో పుల్ల పాతి, కొబ్బరి తాడుతో బిగించి కట్టా. సాయంత్రం నుంచి ఈశాన్యం గాలి, పుల్లలు కూడా అటువైపే పాతా కాబట్టి మొక్క వెనక్కి వాలినా తాడు పట్టుకుంది, టార్చి వేసి చూసి నన్ను నేనే మెచ్చుకుని పడుకున్నా. అర్ధరాత్రి దాటాక గాలి తిరిగింది. తుఫాను తీరం దాటి లోపలికి పోతుంటే, దానికి కుడివైపున్న మనకి గాలి తూర్పుకి, తర్వాత ఆగ్నేయానికి మళ్ళుతుందన్న సంగతి ఆ నిమిషానికి తట్టి ఏం లాభం, కిటికీ తలుపు ఇంకో వైపు నుంచి కొట్టుకోవడం విని లేచి కూర్చున్నా. తెల్లారి చూస్తే ముద్దబంతి మొత్తం తాడు కట్టిన చోటే విరిగి తలకిందులుగా వేలాడుతోంది. నేను కట్టిన తాడే కత్తయి కూర్చుంది.

రెక్కబంతికి పుల్లలు చాలలేదు కాబట్టి దాన్ని కట్టలేదు. దువ్వెనతో దువ్వినట్టు మొత్తం వాయవ్యం వైపుకి నేలకి అతుక్కుపోయి ఉంది, బురదలో. ఎలాగూ పోయిందని పీకడం మొదలెట్టా. "అమ్మాయ్, దాని జోలికి పోకే, కరెంటూ లేదు పనీ లేదని దాని మీద పడ్డావా" అన్నారు అత్తగారు. నాలుగు పీకినవి పీకాను, మిగతావి వదిలేశా.

మూడో రోజుకి పడుకున్న కొమ్మల కొసలన్నీ కొక్కేల్లా పైకి తిరిగాయి. కార్తీక పౌర్ణమికి దీపాల పళ్ళెంలోకి గుప్పెడు పూలొచ్చాయి, అవి పాత మొగ్గలే అనుకోండి. అసలు వింత ఆ తర్వాత. కాండం కొంచెం ఎత్తి చూస్తే నేల తగిలిన కణుపుల దగ్గర గసగసాల్లాంటి తెల్లటి బొడిపెలు, ఇంకో వారానికి అవే వేళ్ళయి మట్టి పట్టేశాయి. ఒక్క మొక్కకి పదకొండు పిలకలు లేచాయి, లెక్కపెట్టా. ధనుర్మాసం అంతా గొబ్బెమ్మలకి ఒక్క పువ్వు కొనలేదండి.

మరీ ఆకాశానికెత్తెయ్యకూడదు లెండి. నూతి పక్క మడిలో కూడా ఇదే విత్తనం చల్లాం, అక్కడ పల్లం, నల్లమట్టి, నీళ్ళు నాలుగు రోజులు కదల్లేదు, మొత్తం మొదలు కుళ్ళి పోయాయి. గాలికి తట్టుకుంటుంది గానీ నిలవ నీటికి కాదు. దండకి కూర్చాలంటే ముద్దబంతి ఒకటి పట్టే చోట ఇవి నాలుగు పట్టాలి, మర్నాటికి రెక్కలు రాలతాయి. పడి లేచిన మొక్క అడ్డదిడ్డంగా మూడడుగులు పాకి కుళాయి దారి మూసేసింది, ఆ విషయంలో మా ఆయన ఇప్పటికీ సణుగుతారు. ముద్దబంతికి కూడా పాపం పూర్తిగా దాని తప్పే అనలేను, కవరులో ఎర్రమట్టి ముద్దతోనే మన నల్లమట్టి గోతిలో పెట్టేస్తే ఆ గొయ్యి గిన్నెలా నీళ్ళు పట్టి కూర్చుంటుంది, అది నేను చేసిన పనే. తాడు వదులుగా, కిందగా కట్టి ఉంటే సగం దక్కేవేమో.

మాకు గోడవార మెరక ఉంది, అత్తగారి విత్తనాల మూట ఉంది, అమ్ముకునే అవసరం లేదు, కాబట్టి మాకు రెక్కబంతి చాలు. పూలు బజారుకి వేసేవాళ్ళకీ, మేడ మీద కుండీల్లో పెంచేవాళ్ళకీ నేను చెప్పలేను, కుండీలో పడితే వేరెయ్యడానికి నేలేదీ. ఈ ఏడు నేను దసరాకని పది ముద్దబంతి వేస్తా, గాలి కబురు వినగానే పూలన్నీ కోసేస్తా, అత్తగారికి ఇంకా చెప్పలేదు. అటక మీద ఈసారి రెండు మూటలున్నాయి. తెలిసినవాళ్ళు ఎవరైనా అడిగితే ఒకటి ఇస్తా, నీళ్ళు నిలవని చోటుంటేనే.