పాలకొల్లు–నరసాపురం రోడ్డులో సమాధి రాళ్లు చెక్కే షాపు: మా అనుభవం

సమాధి రాయికి కూడా రివ్యూ రాస్తావా అని తమ్ముడు నవ్వాడు. తిని చెయ్యి కడుక్కునే దోసెకే పేజీలు పేజీలు రాస్తుంటే, మనవళ్ల కాలం దాకా నిలవాల్సిన రాయికి రాస్తే తప్పేంటి? నాన్నగారి సమాధికి రాయి అవసరం పడినప్పుడు వెతికితే ఎవరూ ఒక్క ముక్క రాసిపెట్టలేదు. గ్రానైట్ షాపులు బోలెడున్నాయి గానీ అందరి ధ్యాసా వంటింటి గట్ల మీదే. సమాధి రాయి అనగానే రేటు చెప్పి ఫోన్ పెట్టేస్తారు.

ఇది రోడ్డు పక్కన రేకుల షెడ్డు. బాగున్నవీ బాగోలేనివీ రెండూ రాస్తున్నాను కాబట్టి పేరు పెట్టడం లేదు.

తమ్ముడికి చీమకుర్తి గెలాక్సీ మీద మనసు. నల్ల రాయిలో బంగారు చుక్కలు మెరుస్తుంటాయే, అది. దాని మీద నాన్నగారి యూనిఫాం ఫొటో లేజర్‌తో వేయించాలని పట్టుబట్టాడు. షాపాయనే వద్దన్నాడు. "ఆ చుక్కలు ముఖం మీద మచ్చల్లా పడతాయండి. ఫొటో కావాలంటే చుక్కల్లేని నల్ల రాయి తీసుకోండి. నన్నడిగితే ఫొటో మానేసి అక్షరాలు ఉలితో లోతుగా కొట్టించండి. లేజర్ పైపైనే గీస్తుందండి." ఖరీదైన రాయి అంటగట్టే అవకాశం చేతికొచ్చినా వదులుకున్నాడు. ఆ మాటతోనే నాకు నమ్మకం కుదిరింది.

చెక్కుడు కూలి అక్షరానికి 20 రూపాయలు. వత్తులూ గుణింతాలూ కలిపి ఒక్క అక్షరం కిందే లెక్క. ఇంతకుముందు అడిగిన ఒక చోట వత్తుకు వేరే డబ్బులన్నారు. ఆ లెక్కన రెజిమెంట్ పేరు రాయించడానికే పెన్షన్ చాలదు. రాయి, అంచు పాలిష్, చెక్కుడు అన్నీ కలిపి మాకు 19 వేలు పడింది.

అసలు తంటా ఏం రాయించాలన్న దగ్గర వచ్చింది. నాన్నగారు 1944లో పుట్టారు, 2024లో ప్రభువు దగ్గరికి వెళ్లారు. ఎస్సెస్సెల్సీ అవగానే మద్రాస్ రెజిమెంట్‌లో చేరారు. నీలగిరుల్లో వెల్లింగ్టన్‌లో ట్రైనింగ్. 1971 యుద్ధంలో పడమటి సరిహద్దులో ఉన్నారు, దానికి పశ్చిమీ స్టార్ అనే మెడల్ వచ్చింది. హవల్దార్‌గా దిగిపోయి ఊరికొచ్చి, టీచర్ ట్రైనింగ్ చేసి, ప్రైమరీ స్కూలు మాస్టారయ్యారు. ఉద్యోగం చేస్తూనే ఆంధ్రా యూనివర్సిటీ దూరవిద్యలో బీఏ కట్టి పాసయ్యారు. లూథరన్ చర్చిలో సంఘ పెద్ద. తమ్ముడు ఇదంతా మెడల్స్‌తో సహా కాగితం నిండా రాసుకొచ్చాడు. అమ్మ పుట్టిల్లు నరసాపురం, బ్రదరన్ అనే క్రైస్తవ శాఖ వాళ్లు. 1830ల్లో వచ్చిన బౌడెన్, బీర్ అనే మిషనరీ దొరల నాటి సంఘం వాళ్లది, ఆడంబరం గిట్టదు. పేరూ, సంవత్సరాలూ, ఒక బైబిలు వాక్యం చాలంది. నేను మధ్యలో టీచరన్న మాట ముందు రావాలంటాను.

నా పట్టుదలకు కారణముంది. నేను మూడో తరగతి ఆయన దగ్గరే చదివాను. స్కూలు ముందు ఖాళీ స్థలంలో ముగ్గుపిండితో గోదావరి గీసేవారు. ధవళేశ్వరం దగ్గర ఒక పిల్లాణ్ణి నిలబెట్టి, అక్కణ్నుంచి గౌతమి ఒక పక్కకీ, వశిష్ఠ ఇంకో పక్కకీ లాగేవారు. మమ్మల్ని వశిష్ఠ వెంట అంతర్వేది దాకా నడవమనేవారు. దారి తప్పి గీత తొక్కితే "నీళ్లలో పడ్డావు, వెనక్కి రా!" మ్యాప్ చదవడం ఆర్మీలో నేర్చుకున్నారట. యుద్ధం గురించి మాత్రం అడిగినా చెప్పేవారు కాదు. ఆదివారం మందిర్ పరేడ్‌లో, అంటే పటాలమంతా కలిసి చేసే పూజలో, అందరితో పాటు బూట్లు విప్పి కూర్చునేవాళ్లమనీ, తన చొక్కా జేబులో కొత్త నిబంధన ఉండేదనీ మాత్రం నవ్వుతూ చెప్పేవారు.

మా ముగ్గురి వాదన షాపాయన ముందే జరిగింది. ఆయన విసుక్కోకుండా కాసేపు విని, "ఊళ్లో అయ్యగార్ని ఏమని పిలిచేవారండీ?" అన్నాడు. మిలిటరీ మాస్టారు అన్నాం. "అదే కొట్టేద్దాం. ఏడక్షరాలు, 140 రూపాయలు." ముగ్గురం ఠక్కున నోళ్లు మూశాం. పేరు కింద అదే పెట్టాం. దాని కింద చిన్న అక్షరాల్లో హవల్దార్, మద్రాస్ రెజిమెంట్ వచ్చింది. అమ్మ అడిగిన వాక్యం మొత్తం చెక్కిస్తే రాయి నిండిపోతుందని "కీర్తన 23" అని మాత్రం వేయించాం. తెలిసినవాళ్లకు అది చాలు.

రెజిమెంట్ గుర్తు ఏనుగు. 1803లో అస్సాయే యుద్ధంలో చూపిన ధైర్యానికి దక్కిన గుర్తట. షాపాయన మొదట వేసిన బొమ్మ గుళ్లో ఏనుగులా ఉంది, తొండం పైకెత్తి, మెడలో గంటతో సహా. అమ్మ ఇంటికెళ్లి నాన్నగారి నల్ల ట్రంకు పెట్టెలోంచి టోపీ బ్యాడ్జి తెచ్చి బల్ల మీద పెట్టింది. ఆయన దాన్ని గుడ్డతో తుడిచి, భూతద్దం పెట్టి చూసి, "ఆయ్, ఇది కవాతు ఏనుగండి, నాది పెళ్లి ఏనుగు" అని మళ్లీ గీశాడు. రెండో బొమ్మకి పైసా తీసుకోలేదు. ప్రూఫ్ కాగితం మీద "రెజిమెంట్" తప్పుగా పడితే ఆయనే పట్టుకుని దిద్దాడు. తాను చెక్కేది చదివే మనిషి దొరకడం అదృష్టం. మా చర్చి శ్మశానంలో తప్పులతో నిలబడ్డ రాళ్లు చూస్తే మీకే తెలుస్తుంది.

ఇక బాగోలేనివి. నవంబరు 2 సమాధుల పండుగకి వారం ముందే ఇస్తానన్న రాయి ఒకటో తారీఖు సాయంత్రం వచ్చింది. వానలు, కరెంటు లేదు అన్నాడు. ఉలికి కరెంటెందుకో నేనడగలేదు. రాత్రి లైటు పెట్టి బిగించాం, ఆ టెన్షన్ పగవాళ్లకి కూడా వద్దు. బిగించే మేస్త్రీని మనమే చూసుకోవాలి, షాపు వాళ్లు రారు. మన వైపు నల్లరేగడి వానకి ఉబ్బి ఎండకి బీటలిస్తుంది కాబట్టి అడుగున ఇసుక నింపి దిమ్మె కట్టమని మాత్రం ముందే చెప్పాడు. ఆ మాట విన్నందుకు మాది ఇప్పటికీ కదల్లేదు.

అన్నిటికన్నా నాసి అక్షరాల్లో వేసిన బంగారు రంగు. ఎండాకాలం వచ్చేసరికి సగం అక్షరాల్లో లేచిపోయింది. ఫోన్ చేస్తే "రాయి తీసుకురండమ్మా, వేసిస్తాను" అన్నాడు! సిమెంటులో బిగించిన రాయిని భుజానేసుకుని బస్సెక్కాలా? చివరికి తమ్ముడే తెల్ల ఎనామిల్ డబ్బా కొని సన్న బ్రష్‌తో దిద్దాడు. మొదట్నుంచీ తెల్లరంగే చాలన్న అమ్మ ఏమీ అనకుండా పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంది.

మీరు వెళితే రంగు వద్దని చెప్పి ఆ డబ్బులు తగ్గించుకోండి. అడ్వాన్సు సగానికి మించి ఇవ్వకండి, తారీఖు రసీదు మీద రాయించుకోండి. పండుగకి కావాలంటే ఆగస్టులోనే చెప్పేయండి. బొమ్మ ఉంటే అసలు వస్తువు పట్టుకెళ్లండి, ఫోన్లో ఫొటో సరిపోదు. ఆదివారం షెడ్డు మూసి ఉంటుంది.