డేటాబేస్ సర్వర్‌కి ఏ ఫైల్ సిస్టమ్? నాలుగూ వాడి చూసినవాడి రివ్యూ

కొత్త సర్వర్ కొనేటప్పుడు ర్యామ్ ఎంత, ప్రాసెసర్ ఏది, డిస్క్ ఏ కంపెనీది అని పది రోజులు తల బద్దలుకొట్టుకుంటాం. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మాత్రం ఫైల్ సిస్టమ్ (డిస్క్ మీద ఫైళ్లు ఎక్కడ, ఎలా పెట్టాలో చూసుకునేది) ఏదని అడిగే చోట కళ్లు మూసుకుని నెక్స్ట్ నొక్కేస్తాం. నేనూ ఆ బాపతే. విజయవాడలో మందుల హోల్‌సేల్ షాపులకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నడిపే చిన్న ఆఫీసు మాది. వెనకాల పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్, దాని కింద ఇన్నేళ్లలో ఈఎక్స్‌టీ4, ఎక్స్‌ఎఫ్‌ఎస్, జెడ్‌ఎఫ్‌ఎస్, కొన్నాళ్లపాటు బీటీఆర్‌ఎఫ్‌ఎస్.

స్పీడ్ లెక్కల కోసం వచ్చినవాళ్లకి ఇక్కడ పెద్దగా ఏమీ దొరకదు. పోస్ట్‌గ్రెస్ స్పీడ్ కొలిచే పీజీబెంచ్‌తో నేనూ కొలిచాను. మా లోడ్‌కి ఈఎక్స్‌టీ4కీ ఎక్స్‌ఎఫ్‌ఎస్‌కీ మధ్య కనిపించిన తేడా, ఒకే దాన్ని వరసగా రెండుసార్లు రన్ చేస్తే వచ్చే తేడా కంటే ఎక్కువ లేదు. డిస్క్ నిండిపోయినప్పుడు, కరెంటు పోయినప్పుడు, డిస్కే లోలోపల పాడవుతున్నప్పుడు ఏం చేస్తుందో చూసి ఎంచుకోవాలి, మిగతాదంతా తర్వాత.

ఈఎక్స్‌టీ4తో మొదలుపెడతా. 2008 చివర్లో లైనక్స్ కెర్నల్‌లో (ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ లాంటిది) స్టేబుల్ అయింది, ఊరంతా వాడుతున్నారు, ఏ ఎర్రర్ వచ్చినా వెతికితే సమాధానం దొరుకుతుంది. దాని మీద నాకు కంప్లైంట్ ఏమీ లేదు, ఒక్క రాత్రి తప్ప, అదీ దాని తప్పు కాదు.

అప్పట్లో పోస్ట్‌గ్రెస్ 9.6, 2 టీబీ డిస్క్. నెలాఖరు రాత్రి డిస్క్ నిండిపోయి డేటాబేస్ పడిపోయింది. నేను బస్సులో ఉన్నాను. ఆఫీసులో ఉన్న కుర్రాడు ఫోన్ చేసి, "అన్నా, లాగ్ ఫైల్స్ బోలెడున్నాయి, తీసేశా, అయినా స్టార్ట్ కావట్లేదు" అన్నాడు. ఏ ఫోల్డర్‌రా అంటే పీజీ_ఎక్స్‌లాగ్ అన్నాడు. నాకు బస్సులోనే చెమటలు పట్టాయి. అవి మామూలు లాగ్స్ కాదు, కమిట్ అయిన (ఖాయమైన) ప్రతి లావాదేవీ ముందుగా రాసుకునే చిట్టా అది, కరెంటు పోయి లేచాక డేటాబేస్ దాన్ని చదువుకునే తేరుకుంటుంది. పేరులో లాగ్ అని ఉండేసరికి ప్రపంచమంతా ఇలాగే డిలీట్ చేసేస్తున్నారని 2017లో వచ్చిన వెర్షన్ 10లో ఆ ఫోల్డర్ పేరే పీజీ_వాల్ అని మార్చారు, ఆ చిట్టాని వాల్ అంటారు. మాకు ఆ మార్పు కొంచెం లేటు. ముందురోజు బ్యాకప్ ఎక్కించి, ఆ రోజు బిల్లులన్నీ కాగితాలు ముందేసుకుని మళ్లీ కొట్టాం.

ఇంకా కడుపు మండే సంగతి తర్వాత తెలిసింది. ఈఎక్స్‌టీ4 డిఫాల్ట్‌గా 5 శాతం జాగా రూట్ యూజర్ (సిస్టమ్ అడ్మిన్) కోసం పక్కన పెడుతుంది. 2 టీబీలో 5 శాతం అంటే 100 జీబీ. పోస్ట్‌గ్రెస్ రూట్‌గా నడవదు కాబట్టి దానికి డిస్క్ నిండినట్టే, కానీ ఆ రాత్రి 100 జీబీ అక్కడే ఖాళీగా కూర్చుని ఉంది. ట్యూన్2ఎఫ్‌ఎస్ కమాండ్‌తో ఆ శాతాన్ని 1కి దించితే, సర్వర్ ఆపకుండానే, రెండు సెకన్లలో పని అయిపోయేది. ఒక్క ఫైల్ కూడా ముట్టుకోనక్కర్లేదు. ఇప్పటికీ మా ఈఎక్స్‌టీ4 సర్వర్లలో ఆ 5 శాతాన్ని తగ్గించను. ఇంట్లో పోపుల డబ్బాలో దాచిన డబ్బులాంటిది, దాని సంగతి కుర్రాళ్లకి మాత్రం ముందే చెప్పి ఉంచుతా.

తర్వాతి సర్వర్‌కి ఎక్స్‌ఎఫ్‌ఎస్ వేశాం. ఇది ఈనాటిది కాదు, 90లలో సిలికాన్ గ్రాఫిక్స్ వాళ్లు తమ ఐరిక్స్ సిస్టమ్ కోసం తయారుచేసింది. 2014లో వచ్చిన రెడ్‌హ్యాట్ లైనక్స్ 7 నుంచి అక్కడ ఇదే డిఫాల్ట్. మోంగోడీబీ అనే ఇంకో డేటాబేస్ వాళ్లయితే తమ డాక్యుమెంటేషన్‌లోనే ఎక్స్‌ఎఫ్‌ఎస్ వాడమని గట్టిగా చెప్తారు. డిస్క్‌ని అలొకేషన్ గ్రూపులుగా విడగొట్టుకుంటుంది, అంటే ఒకే కౌంటర్ దగ్గర అందరూ క్యూ కట్టకుండా నాలుగైదు కౌంటర్లు తెరిచినట్టు. పెద్ద పెద్ద ఫైళ్లకి, ఒకేసారి చాలామంది రాసే చోట హాయిగా ఉంటుంది. ఈఎక్స్‌టీ4లో ఐనోడ్‌ల (ఒక్కో ఫైల్‌కి ఒక్కో రికార్డు) సంఖ్య ఫార్మాట్ చేసేటప్పుడే ఫిక్స్ అయిపోతుంది, ఇక్కడ ఆ గోల లేదు.

నాకు బాగా నచ్చింది రీఫ్లింక్. టెస్టింగ్‌కి డేటాబేస్ కాపీ కావాలని డెవలపర్లు వారానికోసారి వస్తారు. టెస్ట్ పోస్ట్‌గ్రెస్ సర్వర్ ఆపి, అదే డిస్క్ మీద రీఫ్లింక్ ఆప్షన్‌తో ఫోల్డర్ కాపీ కొడితే వందల జీబీ అయినా టీ చల్లారేలోపే అయిపోతుంది. అసలు డేటా కాపీ కాదు, రెండు ఫైళ్లూ అవే బ్లాకుల్ని పంచుకుంటాయి, మార్చిన చోట మాత్రమే కొత్త బ్లాక్ రాసుకుంటుంది.

దెబ్బ తిన్నది ఎక్కడంటే, ఎక్స్‌ఎఫ్‌ఎస్‌ని పెంచగలం కానీ తగ్గించలేం. ఎల్‌వీఎమ్‌లో (డిస్క్ జాగాని వాటాలుగా పంచేది) ఉన్న జాగా అంతా డేటాబేస్‌కే ఇచ్చేశాను, ఆర్నెల్ల తర్వాత బ్యాకప్‌కి చోటు కావాల్సి వచ్చింది. ఈఎక్స్‌టీ4 అయితే అన్‌మౌంట్ చేసి కుదించేవాణ్ణి. ఇక్కడ మొత్తం డంప్ తీసి, మళ్లీ ఫార్మాట్ చేసి, మళ్లీ ఎక్కించడమే. ఒక ఆదివారం అలా పోయింది. ఇప్పుడు ముందు సగమే ఇస్తాను, అడిగినప్పుడు పెంచుతాను. ఇంకో తమాషా ఏంటంటే, దీనికి ఫైల్ సిస్టమ్‌ని చెక్ చేసే ఎఫ్‌ఎస్‌సీకే కమాండ్ ఉంది కానీ అది ఏ పనీ చేయదు. ఏమీ చేయకుండానే సక్సెస్ అంటుందని దాని మాన్యువల్ పేజీలోనే రాసుకున్నారు. రిపేర్ కావాలంటే ఎక్స్‌ఎఫ్‌ఎస్_రిపేర్ అని వేరే ఉంది, నాకు ఇప్పటివరకూ దాని అవసరం పడలేదు.

ఇక్కడో మాట చెప్పాలి. మీ డిస్క్ మామూలు డెస్క్‌టాప్ ఎస్‌ఎస్‌డీ అయితే, పైన ఏ ఫైల్ సిస్టమ్ వేసినా కమిట్‌లు నత్తనడకే. కరెంటు పోయినా చేతిలో ఉన్నది రాసేంత కెపాసిటర్ ఉన్న ఎంటర్‌ప్రైజ్ డిస్క్‌లో ఎఫ్‌సింక్ (డేటాని డిస్క్ మీద ఖాయంగా రాసెయ్యమనే ఆదేశం) వెంటనే తిరిగొస్తుంది, అది లేని డిస్క్ నిజంగా రాసేదాకా ఆపుతుంది, లేదా రాసేశానని అబద్ధం చెప్తుంది. పోస్ట్‌గ్రెస్‌తో పాటే వచ్చే పీజీ_టెస్ట్_ఎఫ్‌సింక్ ఒకసారి రన్ చేస్తే ఐదు నిమిషాల్లో జాతకం బయటపడుతుంది. అంతెందుకు, 2018లో పోస్ట్‌గ్రెస్ వాళ్లకే పెద్ద షాక్ తగిలింది. ఎఫ్‌సింక్ ఒకసారి ఫెయిలైతే మళ్లీ ప్రయత్నించి, రెండోసారి ఓకే అంటే రాసేసినట్టే అనుకునేవాళ్లు. కెర్నల్ ఏమో ఫెయిలైన పేజీల్ని కూడా శుభ్రం అని మార్క్ చేసేసి రెండోసారి ఓకే అంటోంది. అందుకే 2019 ఫిబ్రవరి అప్‌డేట్ల నుంచి ఎఫ్‌సింక్ ఫెయిలైతే డేటాబేస్ అక్కడికక్కడే ఆగిపోయి, చిట్టా చదువుకుని లేస్తుంది. పాత వెర్షన్ నడుపుతూ ఫైల్ సిస్టమ్ గురించి వాదించుకునేవాళ్లు ముందు అది అప్‌గ్రేడ్ చేసుకోండి.

జెడ్‌ఎఫ్‌ఎస్ విషయానికొస్తే, ప్రేమా చిరాకూ రెండూ దీనితోనే. సన్ మైక్రోసిస్టమ్స్‌లో పుట్టింది, 2005లో బయటికొచ్చింది. స్నాప్‌షాట్లు (ఆ క్షణంలో డేటా ఎలా ఉందో దాచిపెట్టుకోవడం), కంప్రెషన్, ప్రతి బ్లాక్‌కీ చెక్‌సమ్ (డేటా పాడైతే పట్టిచ్చే లెక్క), అన్నీ ఇందులోనే. కానీ డిఫాల్ట్ సెట్టింగ్స్‌తో డేటాబేస్ పెడితే ఏడిపిస్తుంది. నేను ఏడ్చాను. దాని రికార్డ్‌సైజ్ (ఒక్కో బ్లాక్ సైజు) డిఫాల్ట్‌గా 128 కేబీ, పోస్ట్‌గ్రెస్ పేజీ 8 కేబీ. ఒక్క పేజీ మారితే 128 కేబీ చదివి, మార్చి, మళ్లీ 128 కేబీ కొత్త చోట రాయాలి. తెలిశాక 16 కేబీకి మార్చాను, ఏం తేడా లేదు. గంటసేపు తిట్టుకున్నాక అర్థమైంది, ఆ సెట్టింగ్ కొత్తగా రాసే ఫైళ్లకే, పాతవి పాత సైజులోనే ఉంటాయి. డేటా మొత్తం మళ్లీ ఎక్కించాం. మరి 8 కేబీ ఎందుకు పెట్టలేదంటే, 4 కేబీ సెక్టార్ (డిస్క్ రాయగల కనీస ముక్క) ఉన్న డిస్క్ మీద 8 కేబీ బ్లాక్ కంప్రెస్ అయితే 4 అవ్వాలి, లేదంటే 8గానే ఉండాలి, మధ్యలో ఏమీ లేదు. 16 పెడితే ఎల్‌జెడ్4 కంప్రెషన్‌కి కాస్త ఊపిరాడుతుంది. మా బిల్లుల డేటా దాదాపు సగానికి దిగింది.

ర్యామ్ కూడా చూసుకోవాలి. దీని క్యాష్ లైనక్స్‌లో చాలాకాలం పాటు డిఫాల్ట్‌గా సగం ర్యామ్ దాకా తీసుకునేది. 64 జీబీ మెషీన్‌లో అది 32, పోస్ట్‌గ్రెస్‌కి 16, మిగిలిన దాంట్లో అందరూ కొట్టుకుని చివరికి కెర్నల్ పోస్ట్‌గ్రెస్‌నే చంపేసింది. క్యాష్‌కి 12 జీబీ లిమిట్ పెట్టాక కుదుటపడింది. లైసెన్స్ గొడవ వల్ల ఇది కెర్నల్‌లో కలిసి రాదు. ఉబుంటు వాళ్లు మాడ్యూల్ (కెర్నల్‌కి విడిగా తగిలించే ముక్క) రెడీగా ఇస్తారు కాబట్టి సరిపోయింది, వేరే చోట కెర్నల్ అప్‌డేట్ చేసిన ప్రతిసారీ మాడ్యూల్ బిల్డ్ అయిందా లేదా అని టెన్షన్.

జెడ్‌ఎఫ్‌ఎస్ మీద పేజీ సగం రాసి ఆగిపోయే ప్రమాదం లేదు కాబట్టి ఫుల్_పేజ్_రైట్స్ (మారిన పేజీని మొత్తంగా వాల్‌లో కూడా రాసే పోస్ట్‌గ్రెస్ సెట్టింగ్) ఆఫ్ చేయొచ్చని చెప్తారు, నిజమే, వాల్ బాగా తగ్గుతుంది. కానీ వాల్ రాసేది ప్రైమరీ (అసలు సర్వర్), రెప్లికా (దాని నకలు సర్వర్) దాన్ని చదువుకుంటుంది అంతే. ప్రైమరీ ఎక్స్‌ఎఫ్‌ఎస్ మీద, రెప్లికా జెడ్‌ఎఫ్‌ఎస్ మీద ఉంటే ఈ లాభం మీకు రాదు, ఎక్స్‌ఎఫ్‌ఎస్ మీద దాన్ని ఆఫ్ చేయడం ఆత్మహత్యే.

బీటీఆర్‌ఎఫ్‌ఎస్ గురించి ఎక్కువ రాయను. నా ల్యాప్‌టాప్‌లో అదే ఉంది, బాగుంది. డేటాబేస్ కింద మాత్రం ఫైల్ ముక్కలు ముక్కలైపోతుంది, అది ఆపడానికి నోడేటాకౌ (మార్పుని కొత్త చోట కాకుండా పాత చోటే రాయమనే ఆప్షన్) పెడితే చెక్‌సమ్, కంప్రెషన్ రెండూ పోతాయి. ఆ రెండూ లేనప్పుడు దాన్ని తెచ్చుకుని ఏం లాభం? రెడ్‌హ్యాట్ 8లో దాన్ని తీసేశారు కూడా.

మార్కులు కావాలంటే: ఎక్స్‌ఎఫ్‌ఎస్‌కి 5కి 4.5, కుదించడం రాదు కాబట్టి అర మార్కు కట్. ఈఎక్స్‌టీ4కి 4. జెడ్‌ఎఫ్‌ఎస్‌కి ప్రైమరీలో 3, రెప్లికాలో 5. మా ఆఫీసులో ఇప్పుడు అలాగే నడుస్తోంది, ప్రైమరీ ఎక్స్‌ఎఫ్‌ఎస్ మీద, రెప్లికా జెడ్‌ఎఫ్‌ఎస్ మిర్రర్ (ఒకే డేటా రెండు డిస్క్‌ల్లో) మీద, గంటకో స్నాప్‌షాట్. ఎవరో వేర్ క్లాజ్ (ఏ వరసలు మార్చాలో చెప్పే షరతు) లేకుండా అప్‌డేట్ కొట్టి రేట్లన్నీ ఒకటే చేసినప్పుడు గంట వెనక్కి వెళ్లి ఆ టేబుల్ ఒక్కటే తెచ్చుకున్నాం.

ఆ 5 ఊరికే ఇవ్వలేదు. మొన్న వేసవిలో రెప్లికాలో నెలవారీ స్క్రబ్ (జెడ్‌ఎఫ్‌ఎస్ డేటా అంతా చదివి చెక్‌సమ్‌లు సరిచూసుకోవడం) రన్ అయ్యాక స్టేటస్‌లో ఒక డిస్క్ ఎదురుగా చెక్‌సమ్ కాలమ్‌లో 3 అని కనిపించింది. డిస్క్ తన ఆరోగ్యం గురించి తనే ఇచ్చే స్మార్ట్ రిపోర్ట్ అడిగితే డిస్క్ బ్రహ్మాండంగా ఉందంటుంది. మిర్రర్‌లో రెండో డిస్క్ నుంచి మంచి కాపీ తెచ్చి జెడ్‌ఎఫ్‌ఎస్ తనే సరిచేసుకుంది. ఎక్స్‌ఎఫ్‌ఎస్ తన మెటాడేటాకే చెక్‌సమ్ పెట్టుకుంటుంది, డేటాకి కాదు, అదే బ్యాచ్ డిస్క్‌లు ప్రైమరీలో కూడా ఉన్నాయి. పోస్ట్‌గ్రెస్‌లో చెక్‌సమ్స్ డిఫాల్ట్‌గా ఆన్ అయ్యేది వెర్షన్ 18 నుంచి, మాది అంతకు ముందుది. ఆ ఆదివారం రాత్రి ప్రైమరీ ఆపి పీజీ_చెక్‌సమ్స్ ఎనేబుల్ చేశాం. నడిపింది అప్పటి ఆ కుర్రాడే. ఎంటర్ కొట్టే ముందు "అన్నా, ఫోల్డర్ ఒకసారి చూడు" అని స్క్రీన్ నా వైపు తిప్పాడు. అయ్యేసరికి కింద టిఫిన్ బండి పెట్టేశారు.