ఎర్రగడ్డ సంతలో కొన్న టూ-ఇన్-వన్: మరమ్మతు తర్వాత అభిప్రాయం

హైదరాబాద్‌లో పాత టూ-ఇన్-వన్ (రేడియో, క్యాసెట్ ప్లేయరు కలిసి ఉన్న సెట్టు) కోసం వెతికేవారికి ఎర్రగడ్డ ఆదివారం సంత కొత్త చోటేమీ కాదు. నేల మీద పరిచిన పాత సామాన్ల మధ్య రెండు స్పీకర్ల స్టీరియో సెట్లు అక్కడ ఇప్పటికీ కనిపిస్తుంటాయి. గల్ఫ్‌లో పనిచేసినవారు ఒకప్పుడు సెలవులకు వస్తూ తెచ్చుకున్న సెట్లు కూడా వాటిలో ఉంటాయి. నేను 1,200 రూపాయలకు తీసుకున్నది అలాంటి జపాన్ కంపెనీ సెట్టే. రేడియో పాడుతుందనీ, టేపు మాత్రం తిరగదనీ అమ్మినతను దాచకుండా ముందే చెప్పాడు. సెట్టు పనితనంతో పాటు, చెడిపోయిన స్థితిలో దానిని కొనడం గిట్టుబాటవుతుందా అన్నది కూడా ఇక్కడ చెప్పదలచుకున్నాను.

రేడియో రెండు స్పీకర్లలోనూ శుభ్రంగా పలుకుతుంటే, టేపు తిరగని సెట్టునైనా ధైర్యంగా కొనవచ్చునని నా అభిప్రాయం. రేడియోకూ టేపుకూ ధ్వనిని పెంచే ఆంప్లిఫయరు, స్పీకర్లు ఉమ్మడిగానే ఉంటాయి కాబట్టి, రేడియో సరిగా పాడుతోందంటే సెట్టులో ఖరీదైన సగం బాగున్నట్టే లెక్క. మిగిలేవి మోటారుతో చక్రాలను తిప్పించే రబ్బరు బెల్టులు, టేపు మీది ధ్వనిని చదివే హెడ్, స్విచ్చులు. వీటిలో హెడ్ అరిగిపోతే తప్ప మిగతావన్నీ ఇంట్లో బల్ల మీద కూర్చుని చేసుకోగలిగిన పనులే. సంతలో కరెంటు ప్లగ్గు దొరకదు కనుక ఆరు పెద్ద బ్యాటరీలు వెంట తీసుకువెళ్లడం మంచిది. బ్యాటరీల గది మూత తీసినప్పుడు స్ప్రింగులు పచ్చగానో తెల్లగానో పొడి పట్టి ఉంటే గీకి శుభ్రం చేసుకోవచ్చు గానీ, ఆ కారిన మందు లోపలి సర్క్యూట్ బోర్డు దాకా పాకి ఉంటే ఆ సెట్టును వదిలేయడమే మేలు.

కరెంటుకు పెట్టేముందు వెనకవైపు చిన్న వోల్టేజి మీటను తప్పకుండా చూడాలి. గల్ఫ్ నుంచి వచ్చిన సెట్లలో అది 110 దగ్గర ఉండిపోయే అవకాశం ఉంది. ఆ స్థితిలో మన 230 వోల్టుల ప్లగ్గులో పెడితే ట్రాన్స్‌ఫార్మరు కాలిపోతుంది. జపాన్ దేశీయ మార్కెట్ కోసం తయారైన సెట్లతో ఇంకో చిక్కు ఉంది. అవి 100 వోల్టులవి కావడమే కాక, వాటి ఎఫ్ఎం సాధారణంగా 76 నుంచి 90 మెగాహెర్ట్జ్ వరకే ఉంటుంది కాబట్టి ఆకాశవాణి ఎఫ్ఎం స్టేషను హైదరాబాద్ రెయిన్‌బో 101.9 వాటిలో అందదు. చూడముచ్చటగా ఉన్నాయని కొనేవారు డయల్ మీది అంకెలు ఒకసారి చదివి కొనాలి.

ఇక అసలు మరమ్మతు విషయానికి వస్తే, ప్లే మీట నొక్కినప్పుడు మోటారు తిరుగుతున్న చప్పుడు వినిపిస్తూ, క్యాసెట్ చక్రాలు మాత్రం కదలకపోతే తప్పు దాదాపు ఎప్పుడూ బెల్టుదే. వెనక మూత విప్పి చూస్తే రబ్బరు బెల్టు ఒక చోట తెగిపోయి, మిగిలిన చోట కరిగి, పుల్లీకి నల్లటి జిగురుగా అతుక్కుని ఉంది. ఈ జిగురు వేళ్లకు అంటితే సబ్బుకు సులభంగా పోదు, చొక్కాకు అంటితే ఇక చొక్కాను మరచిపోవాలి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన ఇయర్ బడ్స్‌తో పుల్లీనీ, ఫ్లైవీల్ (టేపు వేగాన్ని నిలకడగా ఉంచే బరువైన చక్రం) అంచునూ నల్లదనం రాని దాకా తుడవాలి. కొత్త బెల్టు కొలత కోసం, బెల్టు నడిచే దారి పొడవునా దారం చుట్టి, వచ్చిన పొడవులో ఐదు శాతం వరకు తగ్గించి అడిగితే సరిపోతుంది. కోఠీ గుజరాతీ గల్లీలో ఒక చిన్న దుకాణంలో ఆ కొలతకు దగ్గరి బెల్టులు రెండు తీసి ఇచ్చారు. వాటిలో బాగా బిగుతైనది వేస్తే మోటారు మూలిగింది, రెండోది హాయిగా తిరిగింది.

బెల్టు వేశాక వేగం సరిచూడడం అవసరం. క్యాసెట్ టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్ల చొప్పున కదలాలి. అంతకంటే నెమ్మదిస్తే ఘంటసాల గారి గొంతు బావిలోంచి వస్తున్నట్టు వినిపిస్తుంది. ఫోనులో అదే పాటను పక్కన పెట్టి రెండూ ఒకేసారి మొదలుపెడితే, ఏది వెనకబడుతోందో ఒక చరణం పూర్తయ్యేసరికి తెలిసిపోతుంది. మోటారు వెనక చిన్న రంధ్రంలో వేగం మార్చే స్క్రూ ఉంటుంది. దానిని వెంట్రుకవాసి చొప్పున తిప్పుతూ రెండు పాటలనూ కలపాలి.

టేపు పాడసాగింది గానీ ఎడమ స్పీకరు మూగబోయి ఉంది. ఈ సెట్టుతో నాకు బాగా నచ్చిన పని ఇక్కడే దొరికింది. రేడియోలో ఎడమ స్పీకరు పలుకుతోంది కాబట్టి స్పీకరునూ, ఆంప్లిఫయరునూ అనుమానించనక్కరలేదు. ఇక మిగిలింది హెడ్, దాని వెనక ఉండి సన్నని సంకేతాన్ని పెంచే ప్రీ-ఆంప్లిఫయరు, రికార్డింగుకూ ప్లేకూ దారి మార్చే రికార్డు-ప్లే స్విచ్చు. కరెంటు తీగ తీసేసి, బ్యాటరీల మీదనే సెట్టును నడుపుతూ, హెడ్‌కు వచ్చే తీగల టంకాలను సన్నని స్క్రూడ్రైవరు మొనతో తాకాను. కుడివైపు తాకితే స్పీకరులో బుర్రుమని శబ్దం వచ్చింది, ఎడమవైపు తాకితే ఏమీ రాలేదు. అంటే హెడ్ తర్వాతి దారిలో ఎక్కడో అడ్డు ఉన్నట్టు. పనికిరాని క్యాసెట్ ఒకటి పెట్టి రికార్డు మీటను నొక్కి వదిలినప్పుడు ఎడమవైపు ఒక్క క్షణం పలికి మళ్లీ ఆగిపోవడంతో దొంగ దొరికిపోయాడు. బోర్డు మీద వేలెడు పొడవున ఉండే ఆ రికార్డు-ప్లే జరుగుడు స్విచ్చులో డజనుకు పైగా కాంటాక్టులు ఉంటాయి. ఏళ్ల తరబడి కదలక అవి చిలుము పట్టిపోతాయి. సందులోకి కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, మీటను అటూ ఇటూ బాగా ఆడించగానే రెండు స్పీకర్లూ సమానంగా పలికాయి. ఇదే లోపాన్ని కొందరు మెకానిక్కులు ఐసీ (చిప్పు) పోయిందని చెప్పి బోర్డు మార్చమంటారు కాబట్టి, ఈ స్విచ్చును శుభ్రం చేయించకుండా డబ్బు ఖర్చు చేయవద్దు.

కరెంటు మీద నడిపినప్పుడు వినిపించే గుయ్యిమనే హోరు బ్యాటరీల మీద వినిపించలేదు కనుక, విద్యుత్ సరఫరా భాగంలోని హోరును అణచే 2200 మైక్రోఫారడ్ కండెన్సరును మార్చాను. కొత్తది వేసేటప్పుడు ప్లస్, మైనస్ కాళ్లు తారుమారు కాకుండా చూసుకోవాలి, వోల్టేజి పాతదానికంటే తక్కువ ఉండకూడదు.

మరమ్మతు తర్వాత ఈ సెట్టు ధ్వని గురించి చెప్పాలంటే, మాట స్పష్టత దీని బలం. హరికథ, బుర్రకథ, పద్యాలు ఇందులో వింటే ప్రతి అక్షరం విడివిడిగా వినిపిస్తుంది. గల్ఫ్ నుంచి ఉత్తరాలకు బదులుగా మాటలు రికార్డు చేసి పంపిన క్యాసెట్లు ఇంట్లో ఉన్నవారికి ఈ గుణం చాలా విలువైనది. బాస్ మాత్రం ఓ మోస్తరే. వాల్యూము మూడు వంతులు దాటితే చెక్క బల్ల మీద సెట్టు అదురుతుంది. పైస్థాయి స్వరాలు మొదట్లో మొద్దుబారినట్టున్నా, హెడ్ పక్కనున్న స్క్రూను రవ్వంత తిప్పి సరిచేశాక తాళాల మోత తేటపడింది. కొన్ని క్యాసెట్లలో ధ్వని వస్తూ పోతూ ఉండడానికి సెట్టు కారణం కాదు. క్యాసెట్ లోపల టేపును హెడ్‌కు ఒత్తిపట్టే చిన్న స్పాంజి ముక్క ఊడిపోతే అలాగే జరుగుతుంది. బూజు పట్టిన క్యాసెట్లను మాత్రం ఇందులో పెట్టవద్దు, ఆ బూజు హెడ్‌కు అంటి తర్వాతి క్యాసెట్లకూ పాకుతుంది.

బెల్టు, క్లీనరు, కండెన్సరు కలిపి నాకు ఐదు వందల లోపే ఖర్చయింది. దీనికి బ్లూటూత్ బోర్డు కూడా అతికించవచ్చు గానీ, దాని సన్నని కీచుధ్వని టేపు పాడేటప్పుడు కూడా వెంటాడుతుందని నేను ఆ జోలికి పోలేదు. టేపు లెక్క చూపే అంకెల చక్రం ఇంకా తిరగడం లేదు, ఎఫ్ఎం ఏరియల్ పై కణుపు విరిగే ఉంది. రెయిన్‌బో దాంతోనే బాగా అందుతోంది కనుక ఏరియల్ కోసం తిరగడం లేదు, అంకెల చక్రానికి సరిపోయే సన్న బెల్టు ఎక్కడైనా దొరికితే వేస్తాను.