రోరీస్ స్టోరీ క్యూబ్స్: హైస్కూల్లో కథ నేర్పడానికి పనికొస్తాయా?

డబ్బాలో తొమ్మిది పాచికలు, వాటి ముఖాల మీద మొత్తం 54 బొమ్మలు. పాచికలు వేసి, పైకి వచ్చిన బొమ్మలతో కథ అల్లడమే ఆట. అక్షరం ముక్క లేదు కాబట్టి తెలుగు క్లాసుకి ఇబ్బందేమీ లేదు.

డబ్బా మీద ఉన్నట్టు తొమ్మిదీ ఒకేసారి వేయిస్తే మాత్రం క్లాసు పాడైనట్టే. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు బొమ్మలన్నీ వాడేయాలన్న తొందరలో "తర్వాత... తర్వాత..." అని జాబితా చదువుతారు. అందులో కథ ఉండదు. మూడే వేయించండి. మొదటిది పాత్ర, రెండోది ఆ పాత్రకి కావలసింది, మూడోది అడ్డంకి. గొర్రె, తాళంచెవి, పిడుగు పడ్డాయనుకోండి: గొర్రెలు కాసే కుర్రాడు, దొడ్డి తాళంచెవి పోయింది, వాన ముంచుకొస్తోంది. వాక్యాల మధ్య "తర్వాత" నిషేధం. "కానీ", "అందుకే" మాత్రమే. ఈ ఒక్క నియమంతో సంఘర్షణ, కార్యకారణం రెండూ పట్టుబడతాయి. సన్నివేశానికి, ముగింపుకి ఇంకో రెండు పాచికలు రెండో పీరియడ్‌లో.

అసలు లోటు ఒకటుంది. బొమ్మల్లో ఎక్కువ భాగం వస్తువులే, మనసులో మాట చెప్పేవి తక్కువ. పాత్ర భయపడుతోందా, సిగ్గుపడుతోందా అన్నది మీరే అడిగి రాబట్టాలి. ఇక నలభై మందికి ఒక్క సెట్టు చాలదు. పాచికలు చిన్నవి, వెనక బెంచీకి కనపడవు. పడ్డ బొమ్మల్ని బోర్డు మీద గీసి, ఐదుగురేసి జట్లకి పది నిమిషాలివ్వండి.

డబ్బు పెట్టలేకపోతే అట్టముక్కల మీద ఎడ్లబండి, బోరింగు, బస్సు టికెట్టు పిల్లల చేతే గీయించండి. నిజం చెప్పాలంటే అవే ఇంకా బాగా పనిచేస్తాయి.