గోబీలో జెర్బోవా: డబ్బు పోసిన రాత్రి, పోయని రాత్రి

దక్షిణ మంగోలియాలోని గోబీ ఎడారికి వెళ్లేవాళ్లకు ముందే చెబుతున్నాను. క్యాంపులో 'నైట్ సఫారీ' అని జీపు చూపిస్తే ఎక్కకండి. అక్కకు, బావకు, నాకు కలిపి మంగోలియా డబ్బులో 1,80,000 తుగ్రిక్‌లు తీసుకున్నారు. డబ్బు సంగతి అలా ఉంచితే, ఆ రాత్రి చూసిన దానికి నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

దలన్‌జద్‌గద్ ఊరి వరకు విమానం, బయన్‌జాగ్ ఎర్ర కొండలు, ఖొంగొరిన్ ఎల్స్ ఇసుక దిబ్బలు, అన్నీ బాగానే జరిగాయి. నేను అంత దూరం వెళ్లింది మాత్రం రెండు కాళ్ల మీద గెంతే జెర్బోవా అనే చిన్న ఎలుక కోసం. అక్కడివాళ్లు దాన్ని 'అలగ్ దాగ' అంటారు, అంటే మచ్చల గుర్రప్పిల్ల.

రాత్రి పదిన్నరకు జీపు కదిలింది. పావుగంటలో హెడ్‌లైట్ల ముందు ఒకటి కనబడింది. ఆపుతాడనుకుంటే డ్రైవరు వేగం పెంచాడు! అది ఎడమకు, కుడికి, మళ్లీ ఎడమకు గెంతుతోంది. గుడ్లగూబల నుంచి, నక్కల నుంచి దాన్ని కాపాడేది ఆ వంకరటింకర గెంతులే. వెంట పడేది జీపైతే అదేం చేస్తుంది పాపం? 'ఆపండి' అని అక్క అరుస్తున్నా అతను ఆపలేదు. చివరికి అది ఓ పొద కింద కదలకుండా కూర్చుండిపోయింది. మేనేజరుని అడిగితే 'జంతువు కనబడింది కదా' అన్నాడు, పైసా వెనక్కి ఇవ్వలేదు. అక్క ఆ రాత్రి అన్నం ముట్టలేదు. బావ మా ఇద్దరితోనూ మాట్లాడలేదు.

పొద్దున్నే సామాను సర్దుకుని ఒక పశువుల కాపరి కుటుంబం దగ్గరికి మారాం. వాళ్ల గుడారంలో మనిషికి 60,000 తుగ్రిక్‌లు, అందులోనే ఉప్పు వేసిన పాల టీ, మాంసం కూరి నూనెలో వేయించిన వేడి వేడి ఖూషూర్. ఆ ఇంటి అవ్వ మమ్మల్ని పొదల దగ్గరికి తీసుకెళ్లి నేల చూపించింది. కన్నం ఏమీ లేదు, తాజా మట్టి మాత్రం ఉంది. పగలు జెర్బోవా లోపలి నుంచి మట్టితో తలుపు మూసుకుంటుందట. ఎండ లోపలికి రాదు, తేమ బయటికి పోదు. కొన్ని బొరియలకు పక్కన మరో దారి ఉంటుంది. అది పైదాకా తెరిచి ఉండదు, పల్చటి పొర మిగులుతుంది. పాము దూరితే జెర్బోవా ఆ పొరను తలతో పొడుచుకుని బయటపడుతుంది. నీళ్లు తాగే పనే లేదు, తిండిలోని తడితో బతికేస్తుంది.

రాత్రి వెలుగుకి అవి బెదరకుండా టార్చికి అక్క తన ఎర్ర స్కార్ఫ్ చుట్టింది. జీపు లేదు, మాటలు లేవు. 'ఇక్కడా ఏం రాదులే' అని బావ రెండుసార్లు గొణిగాడు. యాభై నిమిషాలకు వచ్చింది, అదీ పొడుగు చెవుల జెర్బోవా! తల కన్నా పెద్ద చెవులు, ఎనిమిది సెంటీమీటర్ల ఒళ్లు, దానికి రెట్టింపు తోక, చివర కుచ్చు. అది బతికే చోటే దీన్ని తొలిసారి వీడియో తీశారని 2007లో వార్తలొచ్చాయి. అలాంటిది మా ముందు రెండు మూరల దూరంలో చెవులు తిప్పుతూ విని, ఒక్కసారిగా పైకెగిరి పురుగును పట్టేసింది. బావ నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

వెళ్తే వేసవిలోనే వెళ్లండి, చలికాలమంతా అవి బొరియల్లో నిద్రలో ఉంటాయి. ఎర్ర వెలుగు తీసుకెళ్లండి, పట్టుకోవాలని మాత్రం చూడకండి.

బయల్దేరేటప్పుడు అవ్వ చేతిలో 20,000 పెడితే తీసుకోలేదు. అక్క టార్చికున్న స్కార్ఫ్ విప్పి ఆమె మెడలో వేసింది.